స్ట్రీట్ ఫొటోగ్రాఫర్ల కలెక్టివ్: పేరు అందరిది, మరి ఫొటో ఎవరిది?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ కుర్రాళ్ల ఇన్‌స్టాగ్రామ్ బయోల్లో ఈమధ్య ‘మెంబర్, ఇంటర్నేషనల్ స్ట్రీట్ కలెక్టివ్’ అనే మాట కనిపిస్తోంది. అది ఉద్యోగమో, కోర్సో, సర్టిఫికెటో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. పెళ్లిళ్లు తీసే సీనియర్లేమో మన అసోసియేషన్ లాంటిదేగా అని తేల్చేస్తారు. ‘మీ ఫొటో సెలెక్ట్ అయింది, మెంబర్‌షిప్‌కు ఇంత కట్టండి’ అని మెసేజ్ వచ్చినవాళ్లకు ఇంకో టెన్షన్: కడితే ఏమొస్తుంది, ఫొటో మీద హక్కు పోతుందా అని.

వీటిలో ఒక్కదానికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ముందు స్ట్రీట్ ఫొటో అంటే ఏమిటో చూసి, తర్వాత గుంపు సంగతికి వద్దాం.

## వీధిలో తీస్తేనే వీధి ఫొటోనా?

పేరులో వీధి ఉంది కానీ అసలు షరతు వేరు. మనుషులు తమ పనిలో తాముండగా, ఎవరికీ ‘ఇటు చూడండి’ అని చెప్పకుండా, ఏదీ సర్దకుండా తీసిన ఫొటో అది. కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద తీయొచ్చు, భద్రకాళి చెరువు కట్ట మీద తీయొచ్చు, ఐనవోలు మల్లన్న జాతరలో తీయొచ్చు.

మిర్చి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌నే తీసుకుందాం. పొద్దున జెండా పాట. వ్యాపారులంతా ఒక కుప్ప చుట్టూ మూగుతారు, ఆ రోజు గరిష్ఠ ధర అక్కడ పలుకుతుంది. ఆ రేటు తన కుప్ప దాకా వస్తుందో రాదో అన్న గుబులుతో వెనక రైతులు నిలబడి ఉంటారు. అక్కడే ముగ్గురు ఫొటోగ్రాఫర్లు ఉన్నారనుకోండి. పేపర్ ఫొటోగ్రాఫర్ ఎత్తు మీదికెక్కి బస్తాల వరసలన్నీ వచ్చేలా తీస్తాడు. ‘ఎనుమాములకు పోటెత్తిన మిర్చి’ అన్న క్యాప్షన్ అప్పటికే అతని నోట్లో ఉంటుంది. రెండో అతను ఒక రైతు దోసిట్లో మిర్చి పోయించి, ‘పెద్దయ్యా, కెమెరా దిక్కు చూడు’ అంటాడు. అది పోర్ట్రెయిట్. మూడో అతను ఏమీ అనడు, కాచుకుని ఉంటాడు. ధర పలికినప్పుడు అడ్తిదారు చెయ్యి గాల్లోకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే ఘాటుకు ఓ హమాలీ తుమ్ముతాడు, తూకం వేసే దడ్వాయి కాంటా వైపు తిరుగుతాడు, ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకున్న రైతుకు కళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే ఫ్రేములో కుదిరితే స్ట్రీట్ ఫొటో వచ్చినట్టు. కుదరకపోతే ఆ పొద్దంతా ఉత్తదే.

చాలా రోజులు ఉత్తవే అవుతాయి. ఈ పని గురించి ముందుగా తెలియాల్సింది ఇదే. ఎవరూ అడగని ఫొటో, ఎవరూ డబ్బివ్వని ఫొటో, ఎప్పుడొస్తుందో తెలియని ఫొటో. ఒంటరిగా చేస్తే విసుగొచ్చే పని కాబట్టే దీనికి గుంపులు పుట్టాయని నా అభిప్రాయం.

## అసోసియేషన్, ఏజెన్సీ, కలెక్టివ్: మూడింటి పనులు వేరు

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం వస్తుంది. మన పట్టణాల్లో ఫొటో, వీడియోగ్రాఫర్ల అసోసియేషన్లు ఆ రోజు ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన లూయీ డాగురే చిత్రపటానికి పూలదండ వేసి, కేకు కోసి, సీనియర్లకు శాలువాలు కప్పుతాయి. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి మనిషికి తెలంగాణ మండల కేంద్రాల్లో దండ పడటం నాకు ప్రతిసారీ ముచ్చటగానే ఉంటుంది. అసోసియేషన్ చూసుకునేది జీవనోపాధిని: పెళ్లి రేట్లు, సభ్యుల మధ్య పోటీ, ఎవరైనా చనిపోతే ఆ కుటుంబానికి సాయం. ఫొటో బాగుందా లేదా అన్నది దాని అజెండాలో ఉండదు.

ఏజెన్సీ అమ్మకాల సంస్థ. ఫొటోలు తీసుకుని పత్రికలకు, ప్రకటనలకు అమ్మి కమీషన్ పట్టుకుంటుంది.

కలెక్టివ్ అంటే ఒకే రకమైన చూపును నమ్మిన కొద్దిమంది, ఒకరి పని ఒకరు బేరీజు వేసుకుంటూ, ఒకే పేరు కింద ఫొటోలు చూపించుకునే బృందం. భజన మండలి లాంటిదనుకోండి: ఎవరి తాళాలు వాళ్లవే, పిలుపు మాత్రం మండలి పేరు మీద వస్తుంది. ఎక్కువ కలెక్టివ్‌లకు యజమాని ఉండడు, జీతాలుండవు. ‘ఇంటర్నేషనల్’ అంటే సభ్యులు వేర్వేరు దేశాల్లో ఉంటారని మాత్రమే. ఐక్యరాజ్యసమితి గుర్తింపేమీ ఉండదు.

ఈ గీతలు ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఉండవు. అన్నిటికన్నా పేరున్న బృందం మాగ్నమే సగం ఏజెన్సీ.

## 1947: హక్కు కోసం కూడిన నలుగురు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో రాబర్ట్ కాపా, ఆన్రి కార్తియే-బ్రెసాన్, జార్జ్ రాడ్జర్, ‘షిమ్’ అని పిలిపించుకున్న డేవిడ్ సేమౌర్ ప్రధానంగా మాగ్నమ్ ఫొటోస్‌ను మొదలుపెట్టారు. ఇది ఫొటోగ్రాఫర్లే యజమానులుగా ఉన్న సహకార సంస్థ. అప్పట్లో పెద్ద పత్రికకు పనిచేస్తే ఫొటో మీద హక్కు చాలావరకు పత్రికకే పోయేది. ఫొటో ఎక్కడ వాడాలి, ఎలా కత్తిరించాలి, కింద ఏం రాయాలి అన్నది కూడా ఎడిటర్ చేతిలోనే ఉండేది. మాగ్నమ్ వాళ్లు దీన్ని తిరగేశారు. హక్కు తీసినవాడిదే, పత్రికకు ఒకసారి వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తాం అన్నారు.

దాని విలువ మన దేశంలోనే తెలిసొచ్చింది. బృందంలో ఆసియా బాధ్యత తీసుకున్న కార్తియే-బ్రెసాన్ 1948 జనవరిలో ఢిల్లీలో ఉన్నాడు. గాంధీని హత్యకు కొద్దిసేపటి ముందు కలిశాడు, తర్వాత అంత్యక్రియలు తీశాడు. ఆ ఫొటోలు ‘లైఫ్’ పత్రికలో వచ్చాయి. హక్కు తనదగ్గరే ఉంది కాబట్టి అవి ఆ ఒక్క పత్రికతో ఆగిపోలేదు.

కాపా 1954లో ఇండోచైనాలో మందుపాతర మీద అడుగేసి చనిపోయాడు. షిమ్ 1956లో సూయెజ్ యుద్ధ సమయంలో ఈజిప్టులో తూటాలకు బలయ్యాడు. వ్యవస్థాపకుల్లో ఇద్దరు అలా పోయినా సంస్థ నిలిచింది, ఎందుకంటే కొత్తవాళ్లను తీసుకునే పద్ధతి ఉంది. ముందు నామినీ, తర్వాత అసోసియేట్, ఆ తర్వాతే పూర్తి సభ్యత్వం. ప్రతి మెట్టు దగ్గరా పాత సభ్యులు కూర్చుని పని చూసి ఓటేస్తారు. 1971లో పారిస్‌లో ప్రదర్శన పెట్టిన రఘు రాయ్‌ను 1977లో మాగ్నమ్‌కు ప్రతిపాదించింది కార్తియే-బ్రెసానే.

## 2000: క్లయింటు లేని ఫొటోలకు ఒక ఇల్లు

మాగ్నమ్ వాళ్లకు కనీసం పత్రికలు కొనేవి. యాభై ఏళ్లు గడిచేసరికి ఫొటోల పత్రికలు మూతపడ్డాయి, కథ లేని, వార్త కాని వీధి ఫొటోను కొనేవాడు లేకుండా పోయాడు. 2000లో బ్రిటన్‌కు చెందిన నిక్ టర్పిన్ ‘ఇన్-పబ్లిక్’ అనే బృందాన్ని మొదలుపెట్టాడు. వెబ్‌సైటే దాని ఆఫీసు, దాని గ్యాలరీ. పోజు పెట్టించకుండా తీసినవే ఉండాలి. దరఖాస్తు లేదు, పిలిస్తేనే సభ్యత్వం. బ్రిటన్ నుంచి మాట్ స్టువర్ట్, డేవిడ్ గిబ్సన్, ఆస్ట్రేలియా నుంచి ట్రెంట్ పార్క్, నరెల్ ఆటియో, జెస్సీ మార్లో, అమెరికా నుంచి మెలనీ ఐంజిగ్ లాంటివాళ్లు అందులో చేరారు. వీళ్లలో ట్రెంట్ పార్క్ తర్వాత మాగ్నమ్ పూర్తి సభ్యుడయ్యాడు.

ఆ దారిలోనే ‘బర్న్ మై ఐ’ లాంటి అంతర్జాతీయ బృందాలు వచ్చాయి. మన దేశంలో ‘దట్స్ లైఫ్’ వచ్చింది. 2017లో గుల్నారా సమోయిలోవా మొదలుపెట్టిన ‘విమెన్ స్ట్రీట్ ఫొటోగ్రాఫర్స్’ ఇన్‌స్టాగ్రామ్ పేజీగా పుట్టి ప్రదర్శనలు, పుస్తకం దాకా వెళ్లింది.

## లోపల జరిగే పని: తీసెయ్యడం

బయటినుంచి చూస్తే కలెక్టివ్ అంటే లోగో, ఫాలోయర్లు. లోపల జరిగేది ఎక్కువగా ఎడిటింగే, అంటే ఫొటోలు ఏరడం. మళ్లీ జెండా పాటకే వెళ్దాం. మూడో ఫొటోగ్రాఫర్ ఆ పొద్దున 12 ఫ్రేములు తెచ్చి గుంపు ముందు పెట్టాడనుకోండి. అతనికి నచ్చింది నాలుగోది: ఎర్రటి కుప్ప మీద ఏటవాలు ఎండ, మధ్యలో రైతు ముఖం. మెల్‌బోర్న్‌లో కూర్చున్న సభ్యురాలు అంటుంది, ‘అందంగా ఉంది కానీ ఇలాంటివి చూశాం. తొమ్మిదోది చూడు, తుమ్ముతున్నవాడి భుజం మీదుగా లేచిన చెయ్యి అతనిదే అనిపిస్తోంది.’ తీసినవాడు తొమ్మిదోదాన్ని అసలు పట్టించుకోలేదు. పక్కనుంచి కరీంనగర్ మిత్రుడు అందుకుంటాడు, ‘ఆ చెయ్యి ధర చెప్తున్న చెయ్యి. అది తెలియకుండా నవ్వు తెప్పించే ఫొటోగా వేస్తే రైతును ఎగతాళి చేసినట్టు అవుతుంది.’

ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. ఆమె ఆకారాన్ని చూసింది, అతను అర్థాన్ని చూశాడు. అంతర్జాతీయ బృందం వల్ల నిజమైన లాభం ఇక్కడే. మన ఊరి మీద మమకారంతో మనకు కనపడనిది దూరపువాళ్లకు కనపడుతుంది, వాళ్లకు తెలియక జారేది మనం పట్టుకుంటాం. ఇన్‌స్టాలో ‘సూపర్ అన్నా’ అని అరవై కామెంట్లు వచ్చినా ఈ పని జరగదు.

## హక్కు, డబ్బు: ఒక లెక్క

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటో తీసినవారే మామూలుగా దాని మొదటి హక్కుదారు. కలెక్టివ్‌లో చేరినంత మాత్రాన అది మారదు. మినహాయింపులు మన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఎక్కువ అవసరం. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. జీతానికి పత్రికలో పనిచేస్తూ తీసినదానికి, పత్రికల్లో ప్రచురణ వరకు, హక్కు యాజమాన్యానిది. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది.

హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం అనుకుంటుంది. కాబట్టి ‘మెంబర్ అయితే ఫొటోలు వాళ్లవైపోతాయట’ అన్న భయం సగం వట్టిదే. మిగతా సగం నియమావళిలో ఏం రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇక డబ్బు. అంకెలు ఊహించినవే. పదిమంది సభ్యులు, ఏడాదికి వెబ్‌సైట్ ఖర్చు రూ. 12,000, ఒక ప్రదర్శనకు ప్రింట్లు, ఫ్రేములు, హాలు అద్దె కలిపి రూ. 90,000. మొత్తం రూ. 1,02,000, తలా రూ. 10,200. ప్రదర్శనలో ఒక సభ్యురాలివే 8 ప్రింట్లు, ఒక్కోటి రూ. 5,000 చొప్పున, అమ్ముడయ్యాయి. చేతికి రూ. 40,000. ‘ఎవరి అమ్మకం వాళ్లదే’ అన్న నియమముంటే తన వాటా ఖర్చు పోను ఆమెకు రూ. 29,800 మిగులుతుంది. ‘అమ్మకంలో ఐదో వంతు ఉమ్మడి నిధికి’ అనుకుంటే రూ. 8,000 నిధికి పోతుంది, ఖర్చు తలా రూ. 9,400కు తగ్గుతుంది, ఆమెకు మిగిలేది రూ. 22,600. మిగతా తొమ్మిదిమందికి తలా రూ. 800 ఆదా. న్యాయం ఏది? ఆమె ఫొటోలు చూడ్డానికి జనం వచ్చారు కాబట్టి మొదటిదే అనొచ్చు. హాలు అద్దెలో తొమ్మిది వాటాలు కట్టకపోతే ఆమె ప్రదర్శనే ఉండేది కాదు కాబట్టి రెండోదే అనీ అనొచ్చు. రెండు వాదనలూ నిలబడతాయి. అమ్మకానికి ముందే మాట్లాడుకున్న గుంపులు మాత్రం తక్కువ గొడవ పడతాయి.

## ఒకరి తప్పు, అందరి పేరు

2016లో మాగ్నమ్ సభ్యుడు స్టీవ్ మకరీ క్యూబాలో తీసిన ఒక వీధి ఫొటో ఇటలీ ప్రదర్శనలో ఉండగా, అందులో డిజిటల్‌గా మార్చిన జాడలు చూపరుల కంట పడ్డాయి. తర్వాత ఆయన పాత ఫొటోల్లోనూ మార్పులు బయటపడ్డాయి. తనను ఫొటో జర్నలిస్టు అనొద్దు, దృశ్య కథకుడు అనండి అన్నది ఆయన జవాబు. ఆ మాట ఆయన వరకు చెల్లొచ్చు. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న నమ్మకం మీద నడిచే బృందానికి అంత తేలిగ్గా చెల్లదు.

2020 ఫిబ్రవరిలో ఫ్యూజీఫిల్మ్ ఒక కొత్త కెమెరా ప్రచారానికి జపాన్ స్ట్రీట్ ఫొటోగ్రాఫర్ తత్సువో సుజుకీ వీడియో పెట్టింది. అందులో ఆయన టోక్యో జనం ముఖాలకు అడ్డంగా కెమెరా పెట్టి తీసుకుంటూ పోతాడు. ముఖం చాటేసుకునేవాళ్లను కూడా వదలడు. విమర్శలు రాగానే కంపెనీ వీడియో తీసేసింది. ఆయన సమర్థకులు కళాచరిత్రను గుర్తుచేశారు: ఇలా మీదికెళ్లి తీసినవాళ్లను మ్యూజియాలు నెత్తిన పెట్టుకోలేదా అని. విమర్శించినవాళ్లు అడిగింది సూటిగా ఉంది: వద్దని చెయ్యి అడ్డం పెట్టిన మనిషి మాటకు విలువ లేదా?

## ఒకే ఫొటో, దేశానికో చట్టం

బహిరంగ స్థలంలో ఫొటో తీయడాన్ని నిషేధించే సాధారణ చట్టం భారతదేశంలో లేదు. అలాగని హద్దుల్లేవనీ కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యత పోదని కూడా ఆ తీర్పులో ఉంది. అనుమతి లేకుండా ఒకరి రూపాన్ని ప్రకటనలకు వాడటం తప్పని 1994లో రాజగోపాల్ కేసులోనే కోర్టు చెప్పింది. స్త్రీల ఏకాంత చర్యలను చాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద, వెంటపడటం 78వ సెక్షన్ కింద నేరాలు.

దీన్ని మన చోటికి తెచ్చుకుందాం. సద్దుల బతుకమ్మ రోజు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర వందలమంది స్త్రీలు ఆడుతున్న ఫొటో తీస్తే చిక్కేమీ రాదు. అందులో ఒక్కరి ముఖాన్ని కత్తిరించి చీరల షాపు బ్యానర్ మీద వేస్తే అనుమతి అడగాల్సిన విషయమైంది. అదే ముఖాన్ని కలెక్టివ్ ప్రదర్శనలో ప్రింటుగా అమ్మితే? అక్కడ కళ, వ్యాపారం కలిసిపోతాయి. 2006లో న్యూయార్క్ కోర్టు ఇలాంటి కేసులోనే ఫొటోగ్రాఫర్ ఫిలిప్-లోర్కా డికోర్సియా వైపు నిలిచింది. టైమ్స్ స్క్వేర్‌లో తనకు తెలియకుండా తీసిన ముఖచిత్రం గ్యాలరీలో అమ్ముడైందని ఒక వ్యక్తి వేసిన దావా అది. ప్రింటు అమ్మినా కళ కళే అంది కోర్టు. అదే ఫొటో హంగరీలో తీసి ఉంటే కథ వేరు. 2014 మార్చిలో అమల్లోకి వచ్చిన అక్కడి సివిల్ కోడ్ ప్రకారం, గుంపును తీసేటప్పుడు తప్ప, తీయడానికే అవతలి మనిషి సమ్మతి కావాలి. జర్మనీలో 1907 నుంచే తన బొమ్మ మీద మనిషికి హక్కుంది.

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొత్త మెలిక పెట్టింది. సొంత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చింది కానీ కళకో, పత్రికా రచనకో విడిగా మినహాయింపు రాయలేదు. జర్నలిస్టు సంఘాలు దీనిమీద అభ్యంతరం చెప్పాయి. స్ట్రీట్ ఫొటోగ్రాఫర్లూ ఆ పడవలోనే ఉన్నారు. ఐరోపా డేటా చట్టం మాత్రం కళాత్మక వ్యక్తీకరణకు చోటివ్వాలని సభ్య దేశాలకు చెప్పింది.

చట్టం దాటాక మర్యాద మొదలవుతుంది. ‘ఏ పేపర్ల ఏస్తరు సారూ?’ అని హమాలీ అడిగితే ఏం చెప్పాలి? పేపర్లో రాదు, లండన్ గ్యాలరీలో వస్తుంది అంటే అతనికి అది దగ్గరా, దూరమా? తీశాక ఫోన్‌కు పంపేవాళ్లున్నారు, ముందే అడిగితే ఆ క్షణం చచ్చిపోతుందనేవాళ్లున్నారు. నాకైతే తీశాక చూపించడం కనీస మర్యాద అనిపిస్తుంది. ‘వద్దు, తీసెయ్’ అంటే తీసేయాలి.

## అందరివీ ఒకేలా ఎందుకుంటాయి?

కలెక్టివ్‌ల మీద గట్టి విమర్శ ఇది. గోడ మీద సినిమా పోస్టర్‌లో హీరో చెయ్యి, కింద నడిచే మనిషి తల. గొడుగు నీడ, కుక్క తోక. ఇలాంటి కాకతాళీయాల వేట ఒక ఫార్ములా అయిపోయి, టోక్యో ఫొటోకూ వరంగల్ పోచమ్మ మైదాన్ ఫొటోకూ తేడా చెరిగిపోయిందంటారు. పిలిస్తేనే సభ్యత్వం కాబట్టి తమలాంటివాళ్లనే పిలుచుకుంటారన్నది దానికి తోక. సమర్థించేవాళ్లు చెప్పేదీ తీసెయ్యలేం: తలుపు బార్లా తెరిస్తే ఎంపిక ఉండదు, ఎంపిక లేకపోతే బృందానికీ హ్యాష్‌ట్యాగ్‌కూ తేడా ఉండదు.

విమర్శ వైపే నేను కాస్త మొగ్గుతాను, కారణం మన దగ్గరే ఉంది. వరంగల్‌కు చెందిన గుడిమళ్ల భరత్ భూషణ్ తెలంగాణ బతుకమ్మలను, పల్లె ఇళ్లను, మనుషులను ఏళ్ల తరబడి తీశారు. 2022 జనవరిలో ఆయన చనిపోయారు. కోరుట్లలో పుట్టిన బండి రాజన్ బాబు తనదైన దారి వేసుకుని, హైదరాబాద్‌లో ఎందరికో ఫొటోగ్రఫీ నేర్పారు. వాళ్ల ఫొటోలకు ఈ నేల గుర్తు ఉంది, అంతర్జాతీయ ముద్ర అవసరం పడలేదు. కానీ వాళ్లలాంటి ఓపిక ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇవాళ పని చూపించి తిట్లు తినే చోటు ఊళ్లో ఎక్కడుంది? అందుకే అతను మెల్‌బోర్న్ వైపు చూస్తున్నాడు.

## కడితే వచ్చే సభ్యత్వం

డబ్బు తీసుకోవడమే మోసానికి గుర్తని చెప్పలేం. పైన లెక్కలో చూసినట్టు, నిజమైన బృందంలోనూ సభ్యులు ఖర్చు పంచుకుంటారు. తేడా డబ్బు ఎప్పుడు, దేనికి అడుగుతున్నారన్న దగ్గర ఉంటుంది. పని చూసి, చర్చించి, లోపలికి తీసుకున్నాక ఫలానా ప్రదర్శనకు వాటా అడగడం ఒక పద్ధతి. మూడు ఫొటోలకు గుండె గుర్తులు పెట్టి, వెంటనే రుసుము, దానికి బదులు సర్టిఫికెట్, బ్యాడ్జి అంటే అక్కడ అమ్ముడవుతున్నది సభ్యత్వమే. అలాంటి పేజీల్లో సభ్యులు వందల్లో ఉంటారు. వాళ్లు ఒకరి ఫొటో గురించి ఒకరు మాట్లాడుకున్న జాడ మాత్రం వెతికినా దొరకదు.

ఇంకో తేడా బయటికి వచ్చేటప్పుడు తెలుస్తుంది. బృందాలు విడిపోవడం మామూలే. అభిరుచులు మారతాయి, ఒకరి ప్రవర్తన మిగతావాళ్లకు మింగుడు పడదు, కొందరు పెద్ద సంస్థలకు వెళ్లిపోతారు. అప్పుడు తీసినవారి ఫొటోలు తీసినవారితోనే వెళ్తాయి. చిక్కు ఉమ్మడిగా కట్టిన వాటితోనే: వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో కొన్నారు, ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, అచ్చేసిన పుస్తకం రెండో ముద్రణకు ఎవరు సంతకం పెట్టాలి. రాసుకున్న కాగితం ఉంటే ఇవి ఒక పూట పని. లేకపోతే పాస్‌వర్డ్ ఉన్నవాడే కలెక్టివ్.